అల్లుడు కాచిన మందు

అత్తను చంపింది అల్లుడే. కత్తితో కాదు, తాను కాచిన మందుతో. ఆ మాటలో మామగారికి అనుమానమన్నది లేదు. అనుమానాలన్నీ మిగతా లోకం మీద. ఈ ఒక్క సంగతి మాత్రం తేలిపోయింది, తీర్పు అయిపోయింది, అల్లుడు ఆ ఇంటి గడప తొక్కి ఏళ్ళు గడిచిపోయాయి.

ఆయన కాటాలు బాగుచేసేవాడు. బజారులో ఏ కొట్టులో త్రాసు మొరాయించినా, ఏ గోదాములో బస్తాల కాటా తప్పు చూపించినా, భుజాన సంచీ వేసుకుని వెళ్ళేది ఆయనే. పల్లెటూరి బడిలో నేర్చిన అక్షరాలు, కూడికలు తప్ప చదువు లేదు. మనుషుల్ని మాత్రం బాగా చదివాడు. పళ్ళెం అడుగున మైనం ముద్ద అంటించేవాళ్ళను, గుండులోంచి సీసం తోడేసి పైన రంగు పూసేవాళ్ళను, కాటా పక్కన అయస్కాంతం దాచి అమాయకంగా మొహం పెట్టేవాళ్ళను, అందరినీ చూశాడు. ఇన్నేళ్ళ పనిలో ఆయనకు అర్థమైంది ఒకటే: నమ్మినవాడు మోసపోతాడు, నమ్మనివాడికి కనీసం ఎవడు మోసం చేశాడో తెలుస్తుంది.

బజారువాళ్ళు ఎదురుగా మేస్త్రీ అనేవాళ్ళు. వెనక మాత్రం కాటా మీద ఊగే ముల్లును బట్టి 'ముల్లు' అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. పట్టించుకోలేదు.

"ఏం మేస్త్రీ, నువ్వు నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందయ్యా?" అన్నాడు ఒకరోజు కిరాణా కొట్టు యజమాని.

"నీ కాటా సరిగ్గా ఉన్న రోజున నవ్వుతాను."

"అయితే ఈ జన్మకు లేదన్నమాట!" అని యజమాని తానే పగలబడి నవ్వాడు. ఆయన పళ్ళెం తిరగేసి అడుగు చూస్తూ ఉండిపోయాడు.

భార్య ఉన్నప్పుడు ఇంట్లో నవ్వు ఉండేది. ఆయనది కాదు, ఆవిడది. ఆవిడకు షుగరు. ఆ షుగరును ఆయన కంటికి రెప్పలా కాపలా కాశాడు. ఆవిడ పక్కింటికి వెళ్ళొస్తే నోరు వాసన చూసేవాడు. తీపి తిన్నదేమోనని చీర కొంగు ముడి విప్పి చూసేవాడు. "దొంగను పట్టుకునేవాణ్ణి కట్టుకుంటే ఇంతే, బతుకంతా సోదాలే" అనేది ఆవిడ. అని నవ్వేది.

అలాంటి మనిషికి క్యాన్సరు గడ్డ లేచింది. అల్లుడు పెద్దాసుపత్రి వెనక ఉండే ల్యాబులో పనిచేస్తాడు. అక్కడ బంగారాన్ని నీళ్ళలో కరిగించి, కాచి, కంటికి ఆనని నలుసులుగా మారుస్తారు. ఒక వెంట్రుక మందంలో అలాంటివి వేల కొద్దీ ఇమిడిపోతాయట. వాటికి గడ్డను చంపే మందు అంటించి నరంలోకి ఎక్కిస్తే, అవి రక్తంలో తిరిగి తిరిగి గడ్డ దగ్గర చేరి అక్కడే మందు వదులుతాయట. మిగతా ఒంటికి అంత బాధ ఉండదట. ఈ 'అట'లన్నీ అల్లుడు చెప్పినవే. విని మురిసిపోయింది ఆవిడే.

"చూశారా, నగ చేయించలేదని మిమ్మల్ని ఇన్నాళ్ళూ సాధించాను. అల్లుడు ఏకంగా నరాల్లోకే ఎక్కిస్తానంటున్నాడు" అంది.

మొదటి రెండుసార్లూ కూతురే దగ్గర కూర్చుంది. మందు దానిమ్మరసంలా ఎర్రగా ఉందని, అమ్మ హాయిగా నిద్రపోయిందని వచ్చి చెప్పింది. మూడోసారి ఆయన కూడా వెళ్ళాడు. ఆ రోజు గొట్టంలో దిగుతున్న మందు ఎర్రగా లేదు. వంగపండు రంగులో ఉంది. ఆయన కళ్ళారా చూశాడు. మందు పూర్తయ్యేలోపే ఆవిడకు ఊపిరి అందలేదు. ఆ తర్వాత ఆవిడ ఇంటికి రాలేదు.

ఆసుపత్రి వరండాలో అల్లుణ్ణి నిలబెట్టి అడిగాడు. "రంగెందుకు మారింది?"

"ఏ రంగు, మామయ్యా?"

"ఎర్రగా ఉండాల్సింది వంగపండు రంగులో ఉంది. నా కళ్ళతో చూశాను. ఎందుకు మారింది?"

అల్లుడి మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. నోరు తెరిచాడు, మూశాడు, నేల చూశాడు. ఆయనకు అది చాలు. కొత్త సరుకు ఎలుకల మీద చూడకుండా అత్త మీద చూశాడు. మందు మార్చేశాడు. బజారంతా అదే చెప్పాడు. బంధువుల్లో అదే చెప్పాడు. అల్లుడు ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పకపోవడం ఇంకో రుజువు.

*

కూతురు మాత్రం ఆదివారాలు వచ్చేది. ఒక్కతే వచ్చేది. ఇల్లు ఊడ్చి, ఆయన చొక్కాలకు గుండీలు కుట్టి, పొయ్యి తుడిచి వెళ్ళేది. మొగుడి మాట ఇద్దరూ ఎత్తేవాళ్ళు కాదు.

ఆ ఆదివారం చీపురు పట్టలేదు.

"నాన్నా, కూర్చో. ఒక మాట చెప్పాలి."

"నిలబడితే వినపడదా?"

"అమ్మకొచ్చిందే నాకూ వచ్చింది."

ఆయన చేతిలో ఒక ఇత్తడి గుండు ఉంది. గుడ్డతో తుడుస్తున్నాడు. తుడవడం ఆపలేదు.

"ఎవరు చెప్పారు?"

"డాక్టరమ్మ. రెండుసార్లు చూసింది. షుగరు వచ్చింది చాలక ఇది కూడా అమ్మ నుంచే తెచ్చుకున్నాను. ఆస్తి మాత్రం ఏమీ రాలేదు." నవ్వబోయింది. అచ్చం వాళ్ళమ్మ నవ్వే.

"మందేమిటి?"

"అదే మందు."

"కాచేదెవరు?"

"ఇంకెవరు నాన్నా, మీ అల్లుడే."

"నాకు అల్లుడు లేడు."

"నీకు అల్లుడు లేకపోతే పోనీ, నాకు మొగుడున్నాడు కదా. ఆయన్నేం చెయ్యమంటావు?"

ఆయన గుండును బల్ల మీద పెట్టాడు. పెట్టాడంటే కొట్టాడు. "అమ్మను తిన్నది చాల్లేదా? ఇప్పుడు నిన్ను కూడా కావాలంటున్నాడా?"

"కావాలంటున్నది నేను. డాక్టరమ్మ వేరే మందు కూడా చెప్పింది. అది ఒళ్ళంతా గుల్ల చేస్తుంది, అయినా ఈ గడ్డకు లొంగుతుందన్న నమ్మకం లేదట. ఇది మంచి మందు నాన్నా."

"మంచిదయితే మీ అమ్మేదే?"

కూతురు ఏదో అనబోయింది. మాట పెదవుల దాకా వచ్చింది. గొంతు కదిలింది. మాట మళ్ళీ లోపలికి పోయింది.

ఆ కదలిక ఆయనకు తెలుసు. కాటా తిరగేసినప్పుడు కొట్టువాళ్ళ గొంతులు అలాగే కదులుతాయి. దీనికేదో తెలుసు అనుకున్నాడు. మొగుణ్ణి కాపాడుతోంది. కన్నతల్లి పోయినా మొగుణ్ణే కాపాడుతోంది. ఒళ్ళు మండింది. కానీ ఎదురుగా కూర్చున్నది గడ్డ లేచిన మనిషి, అరవలేకపోయాడు.

"నువ్వు పక్కనుంటే నాకు ధైర్యం. నువ్వు రాకపోయినా చేయించుకుంటాను. చెప్పకుండా చేయించుకోవడం ఇష్టంలేక చెబుతున్నాను" అంది.

"వస్తాను. ముందు వాడి వంటిల్లు చూడాలి."

"ఏ వంటిల్లు?"

"ఆ మందు వండే చోటు. నేను చూడకుండా అది నీ ఒంట్లోకి పోదు."

*

ల్యాబు పెద్దాసుపత్రి వెనకవైపు, జనరేటరు గదికీ శవాల గదికీ మధ్యన ఉంది. ఇది కూడా ఆయన గుర్తుపెట్టుకున్నాడు. గుమ్మంలో చెప్పులకు నీలం తొడుగులు తొడిగించారు. అల్లుడు తెల్లకోటులో ఎదురొచ్చాడు. జుట్టు నెరిసింది. మనిషి చిక్కాడు. చిక్కనీ, అనుకున్నాడు.

"రండి మామయ్యా."

"ఆ వరస వద్దు. పని చూపించు."

అల్లుడు చూపించాడు. వేడిపళ్ళెం మీద గాజుకుప్పె. అందులో పల్చటి పసుపు నీళ్ళు మరుగుతున్నాయి. అడుగున తెల్లటి పుల్లలాంటిది గిరగిరా తిరుగుతోంది.

"అదేంటి?"

"చిన్న అయస్కాంతం. కలియబెట్టడానికి."

అయస్కాంతం పేరు వినగానే ఆయన కళ్ళు చిన్నవయ్యాయి. వంగి కుప్పె కింద చూశాడు, వెనక చూశాడు. అల్లుడు నిమ్మ పులుపు కలిపిన నీళ్ళు అందులో పోశాడు. పసుపు పోయింది. నీళ్ళు తేటగా అయి, సిరాలా నల్లబడ్డాయి. కాసేపటికి ఆ నలుపులోంచి ఎరుపు మెల్లగా పైకి తేలింది. బంగారం పచ్చగా కాకుండా ఎర్రగా ఉండటం ఏమిటని అడగాలనుకున్నాడు. అడగలేదు. అడిగితే వాడు వివరిస్తాడు, వివరించేవాళ్ళంటే ఆయనకు పడదు.

మూలన గాజుపెట్టెలో సన్నటి కాటా ఒకటి ఉంది. ఊపిరి తగిలినా అంకె మారుతుందట. దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, తన సంచిలోంచి చిన్న గుండు తీసి వేసి చూశాడు. కాటా సరిగ్గానే ఉంది. అది ఆయనకు నచ్చలేదు.

"ఎలుకలెక్కడ?"

పక్కగదిలో ఉన్నాయి. ఎలుకల కంపు, మందు కంపు కలిసి ముక్కు బద్దలవుతోంది. తెల్లెలుకలు పెట్టెల్లో కిచకిచమంటున్నాయి.

"ఈ మందుకు చచ్చాయా?"

"కొన్ని చచ్చాయి. ఎక్కువ మోతాదులో ఇచ్చినవి."

"చావనివి?"

అల్లుడు సూక్ష్మదర్శిని దగ్గరికి తీసుకెళ్ళి కన్ను పెట్టమన్నాడు. గులాబీ రంగు మీద నల్లటి చుక్కలు, కారప్పొడి చల్లినట్టు.

"ఇది ఎలుక కాలేయం ముక్క. ఆ నలుపు మన నలుసులే. గడ్డ దగ్గరికి పోయేవి కొన్నే. చాలావాటిని కాలేయం పట్టేసుకుంటుంది."

"మళ్ళీ వదులుతుందా?"

"కొన్నిటిని. కొన్ని ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోతాయి."

"ఉండిపోయి ఏం చేస్తాయి?"

"పూర్తిగా తెలియదు."

"తెలియదని ఇంత తాపీగా చెబుతున్నావు."

"తెలుసంటే నమ్ముతారా?"

"నమ్మను."

"అందుకే."

ఆయనకు చిర్రెత్తింది. అబద్ధం చెప్పేవాణ్ణి పట్టుకోవడం వచ్చు. నిజం ఒప్పుకునే హంతకుణ్ణి ఎలా పట్టుకోవాలో తెలియలేదు. అసలు ప్రశ్నకొచ్చాడు.

"ఎరుపు వంగపండు రంగుకు ఎందుకు తిరుగుతుంది?"

అల్లుడి చెయ్యి సూక్ష్మదర్శిని మీద ఆగిపోయింది. "నలుసులు విడివిడిగా ఉంటే ఎర్రగా కనిపిస్తాయి. ఒకదానికొకటి అతుక్కుని ముద్ద కడితే ఆ రంగు వస్తుంది."

"ముద్ద కడితే?"

"ఊపిరితిత్తుల్లో సన్నటి రక్తనాళాలుంటాయి. వాటిలో ఇరుక్కుంటాయి."

"ఊపిరాడదు."

"ఆడదు, మామయ్యా."

ఇన్నాళ్ళకు ఒప్పుకున్నాడు, అనుకున్నాడు ఆయన.

"అయితే ఆ రోజు ముద్ద కట్టిన మందే పంపించావు."

"నేను పంపినప్పుడు ఎర్రగానే ఉంది."

"మరి దారిలో భూతం వచ్చి కలిపిందా?"

అల్లుడు సూక్ష్మదర్శిని మీద గుడ్డ కప్పాడు.

"నిన్నే అడుగుతున్నాను. నీ చేతిలో ఎర్రగా ఉన్నది ఆవిడ చేతిలోకి వచ్చేసరికి ఎలా ముద్ద కట్టింది? ఎవరేం చేశారు?"

"ఇప్పుడు నలుసుల మీద పూత మందంగా వేస్తున్నాం. అప్పటంత తేలిగ్గా ముద్ద కట్టవు. అయినా జాగ్రత్త మామూలే. మీ అమ్మాయికి ఏమీ కాకుండా చూసుకుంటాను."

"నేనడిగింది అది కాదు."

"మీరడిగిన దానికి నా దగ్గర జవాబు లేదు మామయ్యా."

లేదన్న మాట వేరు, చెప్పనన్న మాట వేరు. ఆ రెంటికీ తేడా ఆయనకు బాగా తెలుసు. కళ్ళు కలపకుండా మాట్లాడుతున్నాడు వాడు. ఆయన చెప్పుల తొడుగులు పీకి గుమ్మంలో పడేశాడు.

"విను. నేను మంచం పక్కనే కూర్చుంటాను. గొట్టంలో రంగు పిసరంత మారినా సూది పీకేస్తాను. నా చెయ్యి పట్టుకోవడానికి నువ్వు రావద్దు."

"పీకెయ్యండి" అన్నాడు అల్లుడు. "రంగు మారితే నాకంటే ముందు మీరే పీకెయ్యండి."

దారి పొడుగునా ఆయన ఆ మాటను తిరగేసి, మరగేసి చూశాడు. అందులో ఏ మైనం ముద్దా దొరకలేదు. అయినా నమ్మలేదు.

*

మందెక్కించే రోజు మధ్యాహ్నం, వార్డులో కిటికీల నిండా ఎండ. మంచం పక్క ఎత్తుపీట మీద ఆయన కూర్చున్నాడు. ఆ గొట్టానికి మధ్యలో ఒక చిన్న చక్రం ఉంటుంది, అది తిప్పితే దిగేది ఆగిపోతుంది. ఏ వైపు తిప్పాలో ముందే అడిగి తెలుసుకున్నాడు. చక్రం మీద వేలు పెట్టుకుని కూర్చున్నాడు. కూతురు దిండుకు ఆనుకుని ఆయన్నే చూస్తోంది. అల్లుడు తలుపు బయట నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

నర్సు నడివయసు మనిషి. దిట్టంగా ఉంది, నోరు ఊరుకోదు. వచ్చీ రాగానే ఆయన వాలకం చూసింది.

"ఏంటి బాబాయ్, మందును అలా గుడ్లురిమి చూస్తే అది భయపడి దిగదు."

"ఇంకా దిగలేదుగా. దిగాక చూడాల్సినవి ఉన్నాయి."

"అమ్మాయిగారూ, మీ నాన్న పోలీసా?"

"కాటాలు బాగుచేస్తారండీ" అంది కూతురు.

"అదే అనుకున్నాను. నన్ను చూసి ఎన్ని కిలోలో అంచనా వేస్తున్నట్టున్నారు!" అని నర్సు నవ్వుకుంటూ ఒక సీసా స్టాండుకు తగిలించింది.

ఆయన సీసా మీది అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. పీట వెనక్కి పడిపోయేలా లేచాడు.

"అది గ్లూకోజు!"

"అవును, గ్లూకోజే."

"షుగరున్న పిల్లకు గ్లూకోజా? మతుండే చేస్తున్నారా? తియ్యండి. తియ్యండి ముందు!"

"నాన్నా!" అంది కూతురు. ఆ గొంతు ఆయన ఎప్పుడూ వినలేదు. "ఊరుకో నాన్నా. అది అలాగే పెట్టాలి."

"నువ్వూరుకో. నీకేం తెలుసు?"

ఆ రోజు కూడా ఇలాగే లేచాడు. కూతురు కిందికెళ్ళిన సమయం చూసి భార్యకు గ్లూకోజు తగిలించారు. ఏళ్ళ తరబడి ఒక్క పలుకు చక్కెర నోట పడనివ్వని మనిషికి సీసెడు చక్కెర నీళ్ళు. వార్డు ఎగిరిపోయేలా అరిచాడు. పక్క మంచాలవాళ్ళు కూడా లేచి, పెద్దాయన చెప్పింది నిజమే కదా అన్నారు. ఆ నర్సు బెదిరిపోయి సీసా మార్చింది. భార్య గర్వంగా చూసింది. "మావారు ఉండగా నన్నెవరూ ఏమీ చెయ్యలేరు" అని పక్కావిడకు చెప్పింది కూడా. ఆ చివరి రోజుల్లో ఆయనకు మిగిలిన మంచి జ్ఞాపకం అదొక్కటే.

ఈ నర్సు మాత్రం బెదరలేదు. నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"అయ్యో బాబాయ్, మీరు కూడా ఆయనలాగే ఉన్నారే!"

"ఏ ఆయన?"

"సిస్టర్, సూది గుచ్చుకుంటోంది. చూడండి ఒకసారి" అంది కూతురు తొందరగా.

నర్సు వంగి సూది సర్దింది. సర్దుతూ చెప్పడం మాత్రం ఆపలేదు. "నేనప్పుడు కింది అంతస్తులో ఉండేదాన్ని, చూడలేదు. ఈ వార్డుకు మారగానే మాకు ముందు నేర్పేది ఈ కథే. కొన్నేళ్ళ కింద ఒకావిడకు ఇదే మందు. ఆవిడకూ షుగరు. వాళ్ళాయన వచ్చి, షుగరు మనిషికి గ్లూకోజు పెడతారా అని ఒంటికాలి మీద లేచాడట. ఆ నర్సు మాత్రం ఏం చేస్తుంది? షుగరువాళ్ళకు ఉప్పునీళ్ళ సెలైను పెట్టడం మాకు అలవాటే. తీసి అది పెట్టింది."

"సిస్టర్, చాలు" అంది కూతురు.

"చెప్పనివ్వమ్మా, పెద్దాయనకు అర్థం కావద్దూ? చూడండి బాబాయ్, గ్లూకోజుతో షుగరు పెరిగితే ఒక ఇన్సులిన్ సూదితో సర్దుకుంటాం. ఈ మందుకు ఉప్పునీళ్ళు తగిలితే మాత్రం సర్దుకునేది లేదు. అప్పటికప్పుడు ముద్ద కట్టేస్తుంది. గొట్టంలోనే వంగపండు రంగుకు తిరుగుతుందట."

ఆయన నిలబడే ఉన్నాడు.

"ఆవిడ?" అన్నాడు. ఎందుకడిగాడో ఆయనకే తెలియదు.

"ఇంకెక్కడి ఆవిడ, పోయింది పాపం. ఆయనకు ఇప్పటికీ తెలియదట బాబాయ్. ఇంట్లోవాళ్ళే చెప్పొద్దన్నారట."

ఆయన కూతురి వైపు చూశాడు. కూతురు గోడవైపు తిరిగి పడుకుంది. భుజం కదులుతోంది. తలుపు వైపు చూశాడు. తలుపు అద్దంలో అల్లుడి తెల్లకోటు కనిపించింది. మొహం కనిపించలేదు, వంచుకున్నాడు.

నర్సు ఆ మొహాన్నీ ఈ మొహాన్నీ చూసింది. ఆమె నోరు మొదటిసారి ఆగింది. చేతిలో ఉన్న దూదిని అటూ ఇటూ నలిపింది. పడిపోయిన పీటను ఎత్తి ఆయన వెనక పెట్టింది.

"కూర్చోండి బాబాయ్" అంది చాలా మెల్లగా.

ఆయన కూర్చున్నాడు.

"మొదలుపెట్టమంటారా?"

ఆయన తల ఊపాడో లేదో. ఆమె మొదలుపెట్టింది. ఎర్రటి మందు గ్లూకోజులో కలిసి గొట్టంలో దిగింది. ఎర్రగానే దిగింది. కిటికీలో ఎండ పక్క మంచం మీదికి జరిగేదాకా ఎర్రగానే ఉంది. కూతురి ఊపిరి మామూలుగా ఆడింది. కాసేపటికి నిద్రపోయింది. ఆయన కన్ను ఆ గొట్టం మీదే ఉంది గానీ ఏమీ చూడలేదు. చక్రం మీది వేలు ఎప్పుడో తీసేశాడు. ఆ చెయ్యి ఒళ్ళో పడి ఉంది, ఎవరిదో వస్తువులాగా.

*

మందయ్యాక బయటికొచ్చాడు. అల్లుడు వరండాలో మంచినీళ్ళ కుళాయి పక్కన నిలబడి ఉన్నాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"మీరు రంగు మారిందన్న రోజునే. వార్డుకెళ్ళి అడిగాను. నర్సమ్మ ఏడుస్తూ చెప్పింది."

"అమ్మాయికి?"

"అత్తయ్య పోయాక చెప్పాను. నాన్నకు చెబితే నాన్న కూడా మిగలడు అంది. చెప్పనని మాటిచ్చాను. మళ్ళీ ఎవరికీ అలా కాకూడదని ఆసుపత్రిలో మాత్రం చెప్పాను. పేరు చెప్పలేదు."

ఆయన కుళాయి వైపు చూస్తున్నాడు. అది సరిగ్గా కట్టలేదు, కారుతోంది.

"తప్పు మీ ఒక్కరిదే కాదు మామయ్యా" అన్నాడు అల్లుడు. "ఉప్పు తగిలితే ముద్ద కడుతుందని మా ల్యాబులో సీసాలు కడిగే మనిషికి కూడా తెలుసు. అందరికీ తెలిసింది కదా అని ఎవరమూ ప్రత్యేకంగా చెప్పలేదు. గ్లూకోజులో ఎక్కించండి అని వార్డుకు చెప్పాం. ఉప్పునీళ్ళలో ఎక్కించొద్దు అని చెప్పలేదు. మాకది చెప్పాల్సిన మాటే అనిపించలేదు. నేనొక్కసారి వచ్చి ఆ ముక్క చెప్పుంటే, మీరెంత అరిచినా ఆ నర్సమ్మ మార్చేది కాదు. మీరు నన్ను తిట్టినప్పుడల్లా అదే అనుకునేవాణ్ణి. తిట్టేది సగం నిజమే కదా అని."

"వాటా పంచుకోవడానికి వచ్చావా?"

"లేదు మామయ్యా."

"నిన్ను హంతకుడన్నాను. బజారంతా అన్నాను. మీ అమ్మ ముందు కూడా అన్నాను. అన్నీ పడ్డావు. ప్రతి ఆదివారం నా కూతుర్ని నా ఇంటికి పంపించి, వీధి మలుపులో నిలబడి ఉండేవాడివి. నేను చూడలేదనుకున్నావా? చూశాను. సిగ్గుపడి నిలబడ్డావనుకున్నాను. ఇప్పుడు తెలిసింది, నా మీద జాలిపడి నిలబడ్డావు." ఆయన గొంతు పెరగలేదు. "నువ్వు చంపావనుకున్నప్పుడు కూడా నీ మీద ఇంత కోపం రాలేదు. దీనికి నిన్ను క్షమించను."

"క్షమించొద్దు."

"పైగా విను. బజారులో నీ మీద వేసిన మాట నేను తుడవను. తుడవాలంటే ఇది చెప్పాలి. ఇది నేను చెప్పను."

అల్లుడు కారుతున్న కుళాయిని గట్టిగా కట్టాడు. "అలాగే మామయ్యా" అన్నాడు.

అంతలో నర్సు కూతుర్ని చక్రాల కుర్చీలో తోసుకొచ్చింది. కుర్చీని అల్లుడి చేతికిచ్చి, ఆయన వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. కూతురి మొహం వాడిపోయి ఉంది. కళ్ళు ఎర్రబడ్డాయి. చెయ్యి చాచి ఆయన చొక్కా అంచు పట్టుకుంది.

"నాన్నా. అమ్మ మంచి కోసమే కదా నువ్వు..."

"ఆపు."

"ఒక్క మాట విను నాన్నా. అమ్మకు తెలిసినా నిన్నేమీ..."

"ఆపమన్నాను." చొక్కా అంచు ఆమె వేళ్ళలోంచి మెల్లగా విడిపించుకున్నాడు. "మళ్ళీ మందు ఎప్పుడో చెప్పు, వచ్చి కూర్చుంటాను. ఎన్నిసార్లయినా వస్తాను. ఈ సంగతి మాత్రం నా ముందు ఎత్తొద్దు. నువ్వు ఎత్తొద్దు, వాడు ఎత్తొద్దు. ఎవరైనా అడిగితే నాకు తెలియదంటాను. మీరిద్దరే అడిగినా అదే అంటాను. మీ అమ్మ ఎలా పోయిందో ఇంక నా నోట రాదు."